భుజం మీద చెయ్యి

వల్మారా, కోమో సరస్సు
3 ఏప్రిల్ 1957

చెల్లీ డెల్ఫీనా,

నీ ఉత్తరం వచ్చి నెలయింది, జవాబు లేదని అలిగి కూర్చున్నావేమో. అలుగు, నాకేం. చేపల కాలం రాబోతోంది. వలలు బాగుచెయ్యడం, ఎండబెట్టే దండేలు కడగడం, మీ బావ నడుం నొప్పి, అన్నీ ఒకేసారి నా నెత్తిన పడ్డాయి. బాత్తిస్తాకి ఏటా వలలు కుట్టే వారంలోనే నడుం పడుతుంది. ఎందుకో నన్నడక్కు.

అసలు సంగతి ఇది. జూన్ పదహారు, ఆదివారం నాడు బిషప్ గారు మన ఊరు వస్తున్నారు. ఐదేళ్ళకోసారి గాని ఈ ఒడ్డు తొక్కరు కదా, అందుకని ఈడొచ్చిన పిల్లలందరికీ ఒకేసారి నుదుట నూనె రాసి భద్రమైన అభ్యంగనం ఇస్తారట. మన మిరెల్లాకి మొన్న ఫిబ్రవరిలో పదేళ్ళు నిండాయి. నీకు నేను చెప్పాలా!

జ్ఞానోపదేశం తరగతిలో కొత్త ఫాదర్ డాన్ రెమో ఒక్కొక్కరినీ లేపి, ఆ రోజు భుజం మీద చెయ్యి వేసి నిలబడే జ్ఞానతల్లి నీకు ఎవరు అని అడిగాడట. ఇది టక్కున నిలబడి "మిలానులో ఉంటుంది, మా డెల్ఫీనా పిన్ని" అని చెప్పేసిందట. నన్ను మాట మాత్రమైనా అడగలేదు. ఇంటికొచ్చి "చెప్పేశానమ్మా, ఇంక మార్చడానికి లేదు" అంది. దాని నోటికి ఎవరు అడ్డం?

కాబట్టి రా. ప్రతి వేసవిలో వచ్చినట్టే. తెల్లవారుజాము రైలెక్కి కోమోలో దిగితే ఎనిమిదిన్నర పడవ దొరుకుతుంది. ఇక్కడ భోంచేసి సాయంత్రం ఆరింటి పడవకి వెళ్ళిపోవచ్చు. ఒక్క రోజే కదా. మీ చర్చి నుంచి ఒక కాగితం తేవాలట, డాన్ రెమోకి కాగితాలంటే మహా ఇష్టం.

తెల్ల గౌను కూడా నువ్వే కుట్టాలని దొరసాని ఆజ్ఞ. టేపు కనబడలేదు, దారం మీద ముళ్ళు వేసి పంపుతున్నాను. మొదటి ముడి దాకా భుజం, రెండో ముడి దాకా చెయ్యి, చివరిదాకా పొడవు.

నీ అక్క
ఎర్సీలియా


మిలాను
14 ఏప్రిల్

అక్కా,

దారం అందింది. పోయినేడు నువ్వు పంపిన దారం పక్కన పెట్టి చూశాను, భుజం రెండు వేళ్ళు పెరిగింది. గౌను కుడతాను.

జ్ఞానతల్లిగా మాత్రం నిలబడలేను. కార్ఖానాలో కాలర్ల పని తెగడం లేదని, సెలవు దొరకదని మొదట రాశాను. ఆదివారానికి సెలవేమిటే అని నువ్వు నవ్వుతావని ఆ కాగితం చించేశాను. రెండోసారి నాకు ఒంట్లో బాగాలేదని రాశాను. అదీ చించాను.

ఇక పదేళ్ళుగా మనిద్దరం ఏ ఉత్తరంలోనూ రాయని మాట రాస్తున్నాను. మిరెల్లాను కన్నది నేను.

కన్నతల్లి జ్ఞానతల్లి కాకూడదు. చిన్నప్పుడు మన పాత ఫాదర్ డాన్ ఎజిడియో ముందు చేతులు కట్టుకుని మనిద్దరం వల్లెవేసిన పాఠమే. నేను అక్కడ నిలబడితే, నేను దీన్ని కనలేదు అని దేవుడి ముందు చెప్పినట్టే. ఊరితో చెప్పాను, కాదనను. పుట్టిన పిల్లల పుస్తకంలో నీ పేరు రాయమని నేనే బతిమాలాను. మిగిలింది ఆ ఒక్క చోటు. అక్కడ కూడా చెప్పమంటావా?

పక్కింటి రొసాల్బానో, బాత్తిస్తా బావ చెల్లెలినో అడుగు. పిల్లకి ఏదో ఒకటి సర్దిచెప్పు. ఇది చదివి పొయ్యిలో వెయ్యి.

డెల్ఫీనా


వల్మారా
24 ఏప్రిల్

డెల్ఫీనా,

చెల్లీ అని రాయబుద్ధి కాలేదు, ఏమనుకోకు.

పొయ్యిలో వేశాను. బూడిదయ్యేదాకా అక్కడే నిలబడ్డాను. మిరెల్లా వచ్చి "ఏం కాలుస్తున్నావమ్మా?" అంటే "చేపల కాగితం" అన్నాను. అది ముక్కు ఎగబీల్చి "చేపల వాసన రావట్లేదే" అంది. దానికి అన్నీ కావాలి. అంత తెలివైనదానివి, పోస్టులో పంపుతావా అలాంటి మాట?

నియమాలు నాకు చెప్పకు. ఇరవయ్యేళ్ళప్పుడు నా గుమ్మంలో కూర్చుని ఏడ్చినప్పుడు ఏ నియమం అడిగావు? వాడెవడో ఈరోజు వరకూ నువ్వు చెప్పలేదు, నేను అడగలేదు. కొండ మీద గొర్రెల కొట్టంలో నిన్ను ఐదు నెలలు దాచాను. నేను పొట్టకి దిండు కట్టుకుని ప్రతి ఆదివారం చర్చికి వెళ్ళాను. మూడు కడుపులు పోయినదాన్ని, ఆ దిండు కట్టుకుంటుంటే నాకెలా ఉండేదో నువ్వు ఒక్కసారైనా అడిగావా? డాన్ ఎజిడియో అంతా తెలిసి, తల వంచుకుని నా పేరే రాశాడు. ఆయన పోయాడు. మంత్రసాని పోయింది. బాత్తిస్తా నోరు విప్పేది తిండికే. ఇంక తెలిసింది నీకూ నాకూ.

పొంగుజ్వరంలో దాని పక్కన కూర్చున్నది నేను. నీటిలో పడితే జుట్టు పట్టి లాగింది నేను. నువ్వు ఏడాదికోరోజు వచ్చి రిబ్బన్లు ఇచ్చి పోతావు, అది మిగతా ఏడాదంతా నీ రిబ్బన్ల గురించి చెబుతుంది.

అది ఊరంతా చాటుకుంటూ తిరుగుతోంది. పిన్ని రానందని నేను దాని మొహం మీద చెప్పలేను. నువ్వే రాయి. రాయగలిగితే రాయి చూద్దాం.

ఎర్సీలియా


మిలాను
12 మే

అక్కా,

రాయలేకపోయాను. నాలుగు కాగితాలు పాడుచేశాను.

ఇప్పుడు చెప్పబోయేది కూర్చుని చదువు. అత్తీలియో అని ఒకతను ఉన్నాడు. ట్రాము నడుపుతాడు. ముప్పై ఎనిమిదేళ్ళు, కొంచెం బట్టతల, టోపీ ఉంటే తెలియదు. క్రిస్మస్‌కి ముందే పెళ్ళి మాట ఎత్తాడు. నాలుగు నెలలు నాన్చి, పోయిన ఆదివారం అంతా చెప్పేశాను. నీ దిండు సంగతితో సహా.

టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. దాని అంచు తిప్పుతూ కూర్చున్నాడు. లేచి పోతాడనుకుని నేను నా సంచీ సర్దుకుంటున్నాను. అప్పుడన్నాడు, "మరి పిల్ల ఎక్కడ పడుకుంటుంది? వంటగది పక్క గదికి కిటికీ ఉంది. అది దానికిద్దాం."

అప్పటి నుంచి నాకు ఒక చోట కాలు నిలవడం లేదు. కాలరు తిరగేసి కుట్టేస్తున్నాను, మేస్త్రీ రెండుసార్లు తిట్టాడు. పని నుంచి వస్తూ ఒక స్టాపు ముందే దిగి అతని ఇంటి వీధిలో ఉన్న బడి చుట్టూ తిరిగి వస్తున్నాను. ఆడపిల్లల బడే. గేటు ఆకుపచ్చ రంగు.

నాకు నా కూతురు కావాలి అక్కా. రాసేశాను. సెప్టెంబరులో పెళ్ళి. ఆ తర్వాత దాన్ని తీసుకురావాలని ఉంది.

నువ్వు చేసిందంతా తెలుసు. మరిచిపోతే నాకు పుట్టగతులుండవు. జూన్ పదహారున వస్తాను, గౌను తెస్తాను. నిలబడతానో లేదో అక్కడికొచ్చాక చెబుతాను.

డెల్ఫీనా


వల్మారా
29 మే

డెల్ఫీనా,

రావద్దు.

పై మాట నిన్న రాశాను. ఇవాళ కొట్టేద్దామనుకున్నాను గాని కాగితం వృథా అని అలాగే ఉంచాను. చేతులు ఉప్పుతో పగిలిపోయి ఉన్నాయి, అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో. ఈ ఏడు చేప బాగా పడింది. దండేల నిండా వేలాడుతున్నాయి. బిర్యానీ ఆకు పరిచి డబ్బాల్లో అదమడానికి మిరెల్లా కూర్చుంటుంది. మధ్యాహ్నం గాలి తిరిగేలోపు దండేలు ఏ వైపు తిప్పాలో దానికి నాకంటే బాగా తెలుసు. మీ ఆకుపచ్చ గేటు బడిలో ఆ చదువు చెబుతారా?

రోజూ ఇంట్లో బిషప్ ఆట. బాత్తిస్తా జ్ఞానతల్లి. "నాన్నా, చెయ్యి గట్టిగా వెయ్యి. భుజానికి ఆనకపోతే లెక్కలోకి రాదని డాన్ రెమో చెప్పారు. అలా గాలిలో పెడితే నువ్వు నా జ్ఞానతల్లివి కావు!" అని అరుస్తుంది. పాపం ఆయన, నడుం పట్టుకుని నిలబడతాడు.

రా. దానికి మాటిచ్చాను. కానీ నేను లేకుండా దానితో ఆ మాట ఎత్తనని నువ్వు నాకు మాటివ్వాలి.

ఎర్సీలియా


మిలాను
19 జూన్

అక్కా,

క్షేమంగా చేరాను. రైల్లో కూర్చోడానికి చోటు లేదు. సరస్సు చూడ్డానికి వచ్చిన మిలాను జనమంతా ఎండకి కమిలి, చేతుల్లో గులాబీ కొమ్మలు పట్టుకుని నిద్రపోతున్నారు.

మనిద్దరం రోజంతా ఒకే బల్ల దగ్గర ఉండి ఒక్క మాట మాట్లాడుకోలేదు. నువ్వు వడ్డిస్తూనే ఉన్నావు. సంకటి, చేప, మళ్ళీ సంకటి. నా కంచంలోకి చూస్తావు గాని నా మొహంలోకి చూడవు. అందుకని నా రోజు ఎలా గడిచిందో రాస్తున్నాను.

పడవ మన మలుపు తిరగ్గానే పసుపు ఇళ్ళు, చర్చి గంట గోపురం, రేవు చివర తెల్లగా ఒక చుక్క కనబడ్డాయి. ఆ చుక్క ఎగురుతోంది. గౌను ముందే పోస్టులో పంపి మంచి పని చేశాను, లేకపోతే ఆ చుక్కను అంత దూరం నుంచి చూసేదాన్ని కాదు. దిగేలోపే, "పిన్నీ, చంకలో పట్టేసింది గాని ఎవరికీ చెప్పను" అంది. భుజం సరిగ్గా సరిపోయింది.

చర్చిలో అంతా బాగానే జరిగింది. బిషప్ గారు ఆచారం ప్రకారం చెంప మీద వేసిన దెబ్బకి అది చేసిన ఫిర్యాదు నువ్వూ విన్నావు. "మెల్లిగా తడతారన్నారు, చెవిలో గుయ్యిమంది!"

భోజనాలయ్యాక నువ్వు గిన్నెలు తోముతుంటే మేమిద్దరం రేవు వైపు నడిచాం. నీకిచ్చిన మాట గుర్తుంది. అయినా నోరు తెరిచాను అక్కా, అబద్ధం ఎందుకు చెప్పాలి. అక్కడ నిమ్మకాయ సోడా తాగుతూ, కాళ్ళు నీళ్ళలోకి వేలాడేసి, "మిరెల్లా, నీకో సంగతి చెప్పనా" అన్నాను. అది ఆ రోజు కానుకగా నేనిచ్చిన చేతి గడియారం చెవికి ఆనించుకుని వింటోంది. "ముందు నేను చెబుతా" అంది. "మా అమ్మ మూడు రోజుల నుంచి ఏమీ తినట్లేదు. నువ్వు వచ్చే ముందు ఎప్పుడూ ఇంతే. నువ్వు వెళ్ళిపోయాక మామూలుగా తింటుంది. నువ్వంటే భయమా పిన్నీ?"

నేను ఇంకో సోడా కావాలా అని అడిగాను.

ఆరింటి పడవ ఎక్కేశాను. రేవులో నువ్వు దాని రెండు భుజాలూ పట్టుకుని నిలబడ్డావు. గాలికి ఎగిరిపోతుందన్నట్టు.

అత్తీలియో అడిగితే ఇంకా ఏమీ తేల్లేదని చెప్పాను.

డెల్ఫీనా


వల్మారా
28 జూన్

డెల్ఫీనా,

చర్చిలో అంతా బాగానే జరిగిందా?

నేను మూడో వరసలో కూర్చున్నాను, సరిగ్గా మీ వెనక. అందరూ బిషప్ గారి వేలు చూస్తున్నారు, నేను నీ చెయ్యి చూస్తున్నాను. నూనె రాస్తున్నంతసేపూ నీ చెయ్యి దాని భుజానికి వేలెడు ఎత్తులో ఆగిపోయింది. నీ అరచేతికీ నువ్వు కుట్టిన కుట్టుకీ మధ్యలోంచి కొవ్వొత్తి వెలుగు కనబడింది నాకు. ఇంక కిందికి దిగలేదు. ఆయన పక్క పిల్ల దగ్గరికి పోయాక వెనక్కి తీసేసుకున్నావు.

డాన్ రెమో పుస్తకంలో నీ పేరు రాసుకున్నాడు. నువ్వు సంతకం కూడా చేశావు. మళ్ళీ ఒక అబద్ధపు కాగితం, మన ఇంటికి అలవాటే కదా.

నాకు ఒళ్ళు మండిపోయింది. పిల్ల నిన్ను అడిగింది ఒక్కటి, చెయ్యి వెయ్యమని. దాన్ని తీసుకుపోనూ లేదు, వదిలిపెట్టనూ లేదు. అలా గాలిలో ఉంచి పడవెక్కేశావు.

ఇది రాసి చేపలు తిప్పడానికి వెళ్ళి మళ్ళీ వచ్చాను. నా తప్పు కూడా చెప్పాలి, లేకపోతే నిద్ర పట్టేలా లేదు. నిన్ను ఎంచుకున్నది మిరెల్లా కాదు. అది రొసాల్బా పేరు చెబుదామనుకుంది, ఆవిడ సైకిలు ఇస్తానందట. పిన్ని పేరు చెప్పు, గడియారం ఇస్తుంది అని నూరిపోసింది నేను. నువ్వు ఒకసారి అక్కడ నిలబడి చెయ్యి వేస్తే ఇంక ఎప్పటికీ దాన్ని అడగలేవని లెక్కేసుకున్నాను. మార్చిలో వచ్చిన నీ ఉత్తరంలో మిలానులో ఆడపిల్లల బళ్ళు ఎంత బాగుంటాయో రెండు పేజీలు రాశావు. పెళ్ళి కాని మనిషికి బళ్ళతో ఏం పని? అప్పుడే నాకు అర్థమైంది. అందుకే జవాబు రాయడానికి నెల పట్టింది. నీ బావ నడుం వల్ల కాదు.

తిట్టాలనుంటే తిట్టు.

ఎర్సీలియా


మిలాను
7 జూలై

అక్కా,

తిట్టడానికి కూర్చున్నాను. ఏం తిట్టాలో తోచలేదు. నీ చోట నేనున్నా అదే చేసేదాన్నేమో, ఇంకా ఘోరంగా చేసేదాన్నేమో.

చెయ్యి వేద్దామనే వెళ్ళాను. నిజం. పడవలోనే నిర్ణయించుకున్నాను, నీ మొహం చూడకముందే. వేసేసి, అత్తీలియోకి చెప్పి, ఆ గదిలో కుట్టుమిషను పెట్టుకుందామనుకున్నాను. తీరా ఆయన నూనె వేలు ఎత్తగానే నా చెయ్యి నా మాట వినలేదు. ఆ భుజం కుట్టు మూడుసార్లు విప్పి కుట్టాను, అది ఎక్కడుందో కళ్ళు మూసుకుని పట్టుకోగలను. అయినా చెయ్యి దిగలేదు. నా కూతురు కాదని నోటితో ఎన్నిసార్లైనా అన్నాను, చేత్తో అనలేకపోయాను.

కానీ దాని వల్ల ఏం ఒరిగింది? నువ్వన్నట్టు పిల్లని గాలిలో ఉంచాను. ఈ మూడు వారాలూ గదిలో ఈ మూల నుంచి ఆ మూలకి తిరుగుతూ ఒక్కటే అనుకుంటున్నాను. నువ్వు మూడు రోజులు తినకపోతే అది గమనించింది. నేను ఏడాదంతా తినకపోయినా దానికి తెలియదు. దానికి తల్లి ఎవరో నాకు సోడా తాగేటప్పుడే తెలిసింది, ఒప్పుకోవడానికే ఇన్నాళ్ళు పట్టింది.

కాబట్టి అది నీది. గది సంగతి మరిచిపో. చెయ్యి ఆనిందనే దాన్ని అనుకోనివ్వు. వచ్చే వేసవి రాను, పెళ్ళి పనులని చెప్పు. ఆ తర్వాతేడు చూద్దాం.

నీ చెల్లెలు
డెల్ఫీనా


వల్మారా
16 జూలై

చెల్లీ,

నీ ఉత్తరం రావడానికి నాలుగు రోజుల ముందే అయిపోయింది. ఇప్పుడు నువ్వు ఇచ్చినా నేను తీసుకోలేను.

దండేల దగ్గర కూర్చుని ఆకులు పరుస్తున్నాం. దాని చేతికి గడియారం లేదు. రెండు వారాలుగా లేదు, చేపల తడి తగులుతుందని తీసిందనుకున్నాను. "ఏదే గడియారం?" అన్నాను. "అల్మారాలో ఉంది. అది జ్ఞానతల్లి ఇచ్చేది కదా. పిన్ని చెయ్యి ఆనలేదు" అంది.

డబ్బా కింద పెట్టి దాని వైపు తిరిగాను.

"గౌను పల్చనిదమ్మా, నాకు తెలియదా? మొదట నేను ఏదో తప్పు చేశాననుకున్నా" అంది. వారాల తరబడి అలా అనుకుందట డెల్ఫీనా, మనకి తెలియకుండా. తర్వాత జ్ఞానోపదేశం పుస్తకం తీసి చూసిందట, జ్ఞానతల్లి ఎవరు కాకూడదు అనే పేజీ. వేళ్ళు మడుస్తూ నాకు అప్పజెప్పింది. "జ్ఞానస్నానం లేనివాళ్ళు. పిన్నికి ఉంది. అభ్యంగనం పొందనివాళ్ళు. ఫోటోలో నీ పక్కనే ఉంది. మఠంలో చేరినవాళ్ళు. కాదు, గోళ్ళకి రంగేసుకుంది. చర్చి వెలివేసినవాళ్ళు. అయితే డాన్ రెమో సంతకం పెట్టించడు." నాలుగు వేళ్ళు మడిచి ఆగిపోయింది. ఐదో వేలు మడవలేదు. అలాగే నిలబెట్టి నా వైపు చూసింది.

కాదని ఒక్క మాట అంటే సరిపోయేది. పదేళ్ళు ఊరందరితో అన్నాను. దాని వేలు చూసి అనలేకపోయాను. ఆ వేలు పట్టుకుని నేనే మడిచాను.

అది ఏడవలేదు, నేను ఏడ్చాను. చేతిలో ఆకులు పక్కన పెట్టి "పిన్ని నన్ను తీసుకుపోతుందా?" అంది. గది ఒకటి ఉందట, కిటికీ ఉందట అని చెప్పాను. "కిటికీలోంచి సరస్సు కనబడుతుందా?" ట్రాములు కనబడతాయన్నాను. ఆలోచించి, "సెలవుల్లో వెళ్ళి చూస్తా. చేపల కాలంలో మాత్రం కుదరదు" అంది. తర్వాత "గాలి తిరిగిందమ్మా, లే" అని దండేలు తిప్పడానికి పోయింది. అమ్మా అనే అంది. అప్పటి నుంచి ఆ మాట వినబడినప్పుడల్లా ఇదే ఆఖరుసారేమో అనుకుంటున్నాను. ఇంతవరకు కాలేదు.

ఊరికి ఏం చెప్పాలో తర్వాత చూద్దాం. నీ అత్తీలియోని కూడా తీసుకురా, టోపీతో. మిగతాది నేను ఒక్కదాన్నే చెప్పలేను.

దాని చీటీ లోపల పెట్టాను. చదవొద్దంది. చదివాను.

అక్క


డెల్ఫీనా పిన్నికి,

వచ్చే ఆదివారం ఎనిమిదిన్నర పడవకి రా. గడియారం వాడడం లేదు గాని రోజూ కీ ఇస్తున్నాను, ఆగిపోకుండా.

అమ్మ కూడా రేవుకి వస్తానంటోంది. నేను వద్దన్నాను. మళ్ళీ రమ్మన్నాను. ముందే అన్నం తిని రావాలని చెప్పాను.

నువ్వు పడవ దిగగానే నా భుజం మీద చెయ్యి వెయ్యి. ఈసారి బిషప్ ఉండరు, పూర్తిగా వెయ్యొచ్చు.

మిరెల్లా